చెట్టుకి ఒక్కటే గెల!

తెల్లారేసరికి రావులపాలెం అరటి మార్కెట్ యార్డు గెలలతో నిండిపోతుంది. సైకిళ్ల మీద, ఆటోల్లో, ట్రాక్టర్లలో కోనసీమ లంకల నుంచి దిగుతాయి. కర్పూర, చక్కరకేళి, అమృతపాణి, బుషావళి... రకానికో వరస. వర్తకుడు గెల చుట్టూ ఒక్కసారి తిరుగుతాడు. అత్తాలు ఎన్నున్నాయో, కాయ ఎంత ఊరిందో చూస్తాడు. ధర చెప్పేస్తాడు. అంతే. ఆ గెల కోసం రైతు నెలల తరబడి ఏం పడ్డాడో, గాలివానకి ఎన్ని గెడలు పోటు పెట్టాడో ఎవరూ అడగరు.

2024 ఫిబ్రవరిలో విశాఖ టెస్టు అయిపోయిన రోజుల్లో ఇలాంటి బేరమే టీ కొట్టు దగ్గర ఓ ఆటగాడి మీద సాగింది. ఇండియా 106 పరుగులతో గెలిచింది. జైస్వాల్ డబుల్ సెంచరీ కొట్టాడు, బుమ్రా వికెట్లు కూల్చాడు. అయినా గోదావరి జిల్లాల్లో ఆ మ్యాచ్ గురించి మాట్లాడుకున్నవాళ్ల నోట ఎక్కువగా నలిగిన పేరు కోన శ్రీకర్ భరత్.

''సొంతూళ్లో ఆడుతూ 17, 6 ఏంట్రా? ఇంకెక్కడ కొడతాడు?'' అన్నాడో కుర్రాడు.

''మొదటి కాపు చూసి తోట నరికేస్తావేంట్రా? కాస్త ఆగాలి'' అన్నాడు వాళ్ల బాబాయి. వయసైన రైతు.

''అరటి చెట్టుకి ఒక్కటే గెల కదా బాబాయ్!''

ఆ మాటకి టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా నవ్వేశారు. బాబాయి కూడా.

నవ్వులాటకే అన్నా, ఆ మాటలో చాలా ఉంది. తొలి సీజన్ ఆటని ఎలా తూచాలి? ఎన్ని మ్యాచ్‌లు చూశాక తీర్పు చెప్పాలి?

12 ఇన్నింగ్స్, 221 పరుగులు

ముందు లెక్క చూద్దాం. భరత్ 2023 ఫిబ్రవరి 9న నాగ్‌పుర్‌లో ఆస్ట్రేలియా మీద తొలి టెస్టు ఆడాడు. 2024 ఫిబ్రవరిలో విశాఖలో ఇంగ్లండ్ మీద ఏడో టెస్టు ఆడాడు. మొత్తం 12 ఇన్నింగ్స్: 8, 6, 23 నాటౌట్, 17, 3, 44, 5, 23, 41, 28, 17, 6. కూడితే 221. సగటు 20.09. ఒక్క అర్ధసెంచరీ కూడా లేదు.

నిరాశే. ఇందులో దాచడానికేం లేదు. ఎందుకంటే ఇతను అనామకుడిగా వచ్చినవాడు కాదు. 2015లో ఒంగోలులో గోవా మీద 308 పరుగులు చేశాడు. రంజీ ట్రోఫీలో ఒక వికెట్ కీపర్ ట్రిపుల్ సెంచరీ చేయడం అదే మొదటిసారి. 2021 అక్టోబరులో ఐపీఎల్‌లో బెంగళూరు తరఫున దిల్లీ మీద చివరి బంతికి సిక్స్ కొట్టి గెలిపించాడు. 52 బంతుల్లో 78 నాటౌట్. తర్వాత నెలలో కాన్పూరులో న్యూజిలాండ్‌తో టెస్టు జరుగుతుండగా వృద్ధిమాన్ సాహాకి మెడ పట్టేసింది. అతడి బదులు గ్లవ్స్ వేసుకుని దిగిన భరత్, విల్ యంగ్ క్యాచ్‌ని నేలకి ఆనేంతలో అందుకున్నాడు. 95 పరుగుల మీదున్న లాథమ్‌ని స్టంపౌట్ చేశాడు. అప్పటికి జట్టులో అతడు లెక్కకి లేడు, స్కోరుకార్డులో 'సబ్‌స్టిట్యూట్' మాత్రమే. 'ఈ కుర్రాడెవరు?' అని దేశమంతా అడిగింది.

అలా చూసిన కళ్లకి 20 సగటు కష్టంగానే ఉంటుంది మరి.

ఇంకొకరి కుర్చీ

అయితే ఆ 12 ఇన్నింగ్స్ ఎక్కడ, ఎప్పుడు వచ్చాయో చూడకుండా తీర్పు చెప్పేయడం గెలని దూరం నుంచి చూసి ధర కట్టడం లాంటిదే.

2022 డిసెంబరు 30న రిషభ్ పంత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. ఆరు వారాలు తిరక్కుండా భరత్‌కి పిలుపొచ్చింది. పుజారా చేతుల మీదుగా టోపీ అందుకున్నాడు. అప్పటికి అతడికి 29 ఏళ్లు. దేశవాళీలో పదేళ్లు ఆడేశాడు. అవకాశం వచ్చింది కానీ, అది తన కోసం వేసిన కుర్చీ కాదు. పంత్ కోలుకునే దాకా కూర్చోమన్న కుర్చీ. ఆ సంగతి అతడికీ తెలుసు, చూసేవాళ్లకీ తెలుసు.

ఇక పిచ్‌లు. ఆ సిరీస్‌లో నాగ్‌పుర్, దిల్లీ, ఇండోర్... మూడు చోట్లా మ్యాచ్ మూడు రోజుల్లో అయిపోయింది. ఇండోర్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో ఇండియా 109కి ఆలౌట్. కోహ్లి చేసిన 22 పరుగులే జట్టులో ఎక్కువ. అలాంటి చోట భరత్ 17ని చిన్నచూపు చూడగలమా? దిల్లీలో 115 పరుగుల వేటలో ముందుగా పంపిస్తే 23 నాటౌట్‌తో పుజారా వందో టెస్టు గెలుపులో చివరి దాకా నిలిచాడు. అహ్మదాబాద్‌లో పిచ్ కాస్త కనికరించింది. అక్కడ 44 చేశాడు, కోహ్లితో కలిసి 84 పరుగులు జోడించాడు.

జూన్‌లో ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్. 5, 23. ఇండియా ఓడింది. ఆ తర్వాత ఏడు నెలలు టెస్టు లేదు. వెస్టిండీస్‌లో ఇషాన్ కిషన్ ఆడాడు. దక్షిణాఫ్రికాలో కె.ఎల్.రాహుల్ గ్లవ్స్ వేసుకున్నాడు. భరత్ బెంచీ మీద. మళ్లీ 2024 జనవరిలో హైదరాబాద్‌లో పిలుపు. తొలి ఇన్నింగ్స్‌లో 41. రెండో ఇన్నింగ్స్‌లో 231 లక్ష్యం ముందు జట్టు 119కి 7 వికెట్లు పోగొట్టుకున్న వేళ, అశ్విన్‌తో కలిసి 57 పరుగులు జోడించాడు. ఉప్పల్ స్టేడియం మళ్లీ గొంతు విప్పింది. అప్పుడు టామ్ హార్ట్‌లీ వేసిన బంతి ఆఫ్ స్టంపుని తాకింది. భరత్ 28. ఇండియా ఓడింది 28 పరుగుల తేడాతోనే!

ఒక రకంగా భరత్ కథంతా ఆ సాయంత్రంలో ఉంది. కష్టకాలంలో నిలబడ్డాడు. చివరి దాకా నిలబడలేకపోయాడు. 44, 41, 28, 23, 23... ఐదుసార్లు కుదురుకున్నాడు. ఐదులో ఒక్కటైనా 80 అయ్యుంటే? పిచ్‌ని సాకుగా చూపించడానికి వీల్లేని చోటు ఒకటుంది. అది విశాఖే. అక్కడ జైస్వాల్ 209 కొట్టాడు, గిల్ రెండో ఇన్నింగ్స్‌లో సెంచరీ చేశాడు. భరత్ తొలి రోజు ఆట ముగిసే వేళ కట్ షాట్‌కి వెళ్లి పాయింట్‌లో క్యాచ్ ఇచ్చాడు. తప్పే. ఆ రోజు ఆ షాట్ అవసరం లేదు.

గ్లవ్స్‌కి మార్కులేవీ?

అతడి పని బ్యాటింగ్ ఒక్కటే కాదు కదా. అశ్విన్, జడేజా, అక్షర్‌లు ముగ్గురూ తిప్పేస్తుంటే, మోకాలెత్తు లేవని బంతుల్ని రోజంతా వికెట్ల వెనక కూర్చుని పట్టడం ఎంత కష్టమో ఎవరికీ పట్టదు. పట్టినవి కనిపించవు, వదిలింది మాత్రం పదిసార్లు రీప్లేలో చూపిస్తారు. ఒకప్పుడు సయ్యద్ కిర్మాణీ 88 టెస్టులాడాడు. సగటు 27. ఎవరూ వంక పెట్టలేదు. గిల్‌క్రిస్ట్, ధోని వచ్చాక లెక్క మారిపోయింది. కీపరంటే బ్యాట్స్‌మన్, ఆ తర్వాతే కీపర్.

ఆంధ్రకి ఇది కొత్త కాదు. గుంటూరు నుంచి వచ్చిన ఎమ్మెస్కే ప్రసాద్ 1999 అక్టోబరులో మొహాలీలో తొలి టెస్టు ఆడాడు. 2000 జనవరికల్లా ఆరు టెస్టులూ అయిపోయాయి. 106 పరుగులు, సగటు 11.77. మళ్లీ పిలుపు రాలేదు. తర్వాతి రోజుల్లో ఆయనే జాతీయ సెలక్టర్ల ఛైర్మన్ అయ్యాడు, ఇంకొకరి తొలి సీజన్‌ని తూచే కుర్చీలో కూర్చున్నాడు.

పంత్ సంగతి చూడండి. 2018లో ఇంగ్లండ్‌లో అతడి తొలి ఐదు ఇన్నింగ్స్ 24, 1, 0, 18, 5. ఆరోది 114. మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి టెస్టుల్లో అడుగుపెట్టిన ఓవల్ మ్యాచ్‌లోనే ఆ సెంచరీ. విహారి కూడా తొలి ఇన్నింగ్స్‌లోనే 56 కొట్టాడు. ఆ ఆరో ఇన్నింగ్స్ పంత్‌కి రాకపోయుంటే? వచ్చింది కాబట్టి వచ్చింది. భరత్‌కి ఆరోది 44 అయింది, పన్నెండోది 6 అయింది.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కొత్త ఆటగాణ్ని 'రూకీ' అంటారు. స్టీవ్ నాష్ అని ఒక పాయింట్ గార్డ్ ఉండేవాడు. పాయింట్ గార్డంటే బంతిని నడిపిస్తూ మిగతా నలుగురినీ ఆడించేవాడు. 1996లో ఫీనిక్స్ జట్టు అతణ్ని ఎంచుకుంటే అభిమానులు గోల చేశారు. తొలి సీజన్లో మ్యాచ్‌కి సగటున 3.3 పాయింట్లు. అదే నాష్ 2005, 2006లో వరుసగా లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అయితే అక్కడ తొలి రౌండులో ఎంపికైన కుర్రాడికి కొన్నేళ్ల ఒప్పందం ఉంటుంది. ఏటా 82 మ్యాచ్‌లు. బెంచీ మీద నుంచి లేచి రోజుకి పది నిమిషాలైనా ఆడొచ్చు, నేర్చుకోవచ్చు. టెస్టు జట్టులో కీపర్‌కి ఆ సదుపాయం లేదు. ఉన్నది ఒక్క స్థానం. ఆడితే ఐదు రోజులూ, లేకపోతే నీళ్లందించడమే.

రాజ్‌కోట్‌లో కొత్త టోపీ

2024 ఫిబ్రవరి 15న రాజ్‌కోట్‌లో భరత్ బదులు ధ్రువ్ జురెల్ దిగాడు. 46. తర్వాత రాంచీలో 90, 39 నాటౌట్. మ్యాచ్ గెలిచింది, సిరీస్ గెలిచింది, జురెల్ 'ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్'. సెలక్టర్ల నిర్ణయం తప్పని ఇక ఎవరంటారు? అనలేం. ఆ సిరీస్ మొదలవడానికి కొద్ది రోజుల ముందే అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్ లయన్స్ మీద భారత్-ఎ తరఫున భరత్ 116 నాటౌట్ కొట్టి, ఓడాల్సిన మ్యాచ్‌ని కాపాడాడు. ఫామ్‌లో ఉండగానే వచ్చాడు. రెండు టెస్టుల్లో స్థానం పోయింది.

ఆ జురెల్ కూడా అదే ఏడాది నవంబరులో పెర్త్‌లో 11, 1 చేసి పక్కకెళ్లాడు. కానీ మళ్లీ పిలిచారు. 2025 అక్టోబరులో అహ్మదాబాద్‌లో వెస్టిండీస్ మీద 125 కొట్టాడు. జురెల్‌కి దొరికి, భరత్‌కి దొరకనిది ఆ రెండో పిలుపే. జురెల్‌కి అప్పటికి 24 ఏళ్లు. భరత్ విశాఖలో ఆడేనాటికే 30 దాటాయి. సెలక్టరు గెల చుట్టూ తిరిగేటప్పుడు వయసు కూడా చూస్తాడు మరి.

రాంచీ టెస్టయ్యాక టీ కొట్టు దగ్గర మళ్లీ అదే చర్చ.

''ఏరా, చెట్టుకి ఒక్కటే గెలన్నావు కదా? మరి పక్కన పిలకలుంటాయి. వాటి మాటేంటి?'' అన్నాడు బాబాయి.

''పిలకని ఉంచేదీ తీసేదీ రైతే కదా బాబాయ్. చెట్టు చేతిలో ఏవుంది?''

బాబాయి మాట్లాడలేదు. యార్డులో పాట మొదలవుతోందని ఎవరో కేకేస్తే, టీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచాడు.