మెట్టసీమలో మందుమొక్కకు ఎంత నీరు?

ప్రతి ఇంటి పెరడూ ఒక వైద్యశాల కావాలని మనం తరచుగా చదువుతూ ఉంటాం. మాట మంచిదే. అయితే ఈ ఉపదేశం చేసేవారిలో అధికులు ఏడాది పొడవునా కాలువలు పారే సీమను మనసులో ఉంచుకొని వ్రాస్తున్నారేమోనన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది. కోనసీమలో సరస్వతి ఆకు కాలువగట్టున తనంతట తానే ప్రాకుతుంది. అదే మొక్కను ధర్మవరంలోనో, కళ్యాణదుర్గంలోనో మే నెలలో బ్రతికించాలంటే ప్రతిదినం బిందెలతో నీరు పోయాలి. ఆ నీరు ట్యాంకరు వద్ద వరుసలో నిలబడిన ఇల్లాలు చంకన మోసి తెచ్చినది. ఆమె శ్రమను లెక్కలోకి తీసుకోకుండా మూలికావనాలను గురించి వ్రాయడం సబబు కాదని నా అభిప్రాయం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున ఉండడంవల్ల నైరుతి మేఘం ఇక్కడికి వచ్చేసరికి చాలావరకు ఖాళీ అవుతుంది; తూర్పు తీరానికి దూరం కావడంవల్ల ఈశాన్య ఋతుపవన ఫలమూ పూర్తిగా దక్కదు. నేల ఎక్కువగా ఎర్ర గరపనేల. లోతు తక్కువ, చాలాచోట్ల అడుగున రాయి. పోసిన నీటిని అది ఎక్కువకాలం నిలుపుకోలేదు. పైగా వాన వెలిసిన తరువాత పైపొర పెచ్చు కడుతుంది. తరువాతి వాన ఆ పెచ్చుమీదుగా వీధిలోకి జారిపోతుంది.

ఇంతమాత్రాన ఈ నేల వైద్యానికి పనికిరాదనుకోవడం పొరపాటు. చరకసంహిత కల్పస్థానం మొదటి అధ్యాయంలో దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించారు. అంటే మెట్టసీమ, నీటిపట్టు సీమ, రెండింటి లక్షణాలూ కలిసిన సీమ. ఔషధాలను సేకరించడానికి తగిన చోటుగా అక్కడ చెప్పినది సాధారణ, జాంగల దేశాలనే. అనంతపురం వాసులు ఈ విషయాన్ని గర్వంగానే తలచుకోవచ్చు. అలాగని ఏ బీడులోనైనా నాటవచ్చునని కాదు సుమా! సుశ్రుతసంహిత సూత్రస్థానంలో ఔషధభూమిని పరీక్షించే అధ్యాయం ఒకటి ఉంది. గుంటలు, రాళ్ళు, పుట్టలు లేని, చౌడు కాని, మృదువై సమంగా ఉన్న నేలను ఎంచుకోమని అందులో చెప్పారు. ఎండ ఎక్కువ ఉన్నా సారం ఉండాలన్నమాట. ఎండ మన చేతిలో లేదు, సారం మన చేతిలోనే ఉంది.

ముందుగా మొక్కల ఎంపిక. గుంటగలగర పేరులోనే గుంట ఉన్నది. అది తడిని కోరుతుంది. వస చిత్తడి నేలల మొక్క. సరస్వతి ఆకు సంగతి పైన చెప్పాను. వీటిని కరవుసీమలో పెంచాలని పంతం పట్టనక్కరలేదు, నమ్మకమైన మూలికల దుకాణంలో ఎండు సరుకు తీసుకోవడం మేలు. వీటికి బదులు కలబంద, నల్లేరు, వావిలి, తంగేడు, వేపకు చుట్టుకొనే తిప్పతీగ ఉన్నాయి. ఇవి వేరు పట్టేదాకా చూసుకుంటే చాలు, తరువాత అడపాదడపా నీటితో నిలబడతాయి. పునర్నవ అని శాస్త్రం పిలిచే అటికమామిడి, నేల ఉసిరి, ఉత్తరేణి వానాకాలంలో పిలువకుండానే వస్తాయి. కలుపు అని పీకి పారవేయకపోవడమే వాటికి మనం చేయవలసిన సేవ. పెన్నేరు, అనగా అశ్వగంధ, మధ్యప్రదేశ్‌లోని నీమచ్, మందసౌర్ ప్రాంతాలలో మెట్టపంటగానే పండుతున్నది. దానికి నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

ఇక నీటి మాట. పెరటి మొక్కలు ఎండి చచ్చేవాటికంటె మునిగి చచ్చేవి తక్కువేమీ కావు. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రంధ్రాలన్నీ నిత్యం నీటితో నిండి ఉంటే వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు గనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం మరొక చెంబు పోస్తాం! చెట్లకు కూడా వాతపిత్తకఫ దోషాలను చెప్పిన వృక్షాయుర్వేదం మన దేశంలో పుట్టింది. రోగం ఏదో తెలియకుండా మందు వేయరాదన్న వైద్యుని నియమం తోటకూ వర్తించాలి గదా. వ్రేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆనాడు నీరు వద్దు. పొడిగా ఉంటే పాదు నిండా, లోతుకు దిగేలా పోసి, మళ్ళీ ఆరేదాకా ఆగండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైపొరలోనే తిరుగాడి మొదటి వడగాలికే మాడిపోతాయి.

తులసికోట విషయం కొంచెం సున్నితమైనది. సిమెంటుతో కట్టిన కోటలకు అడుగున రంధ్రం లేకపోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. ఇంటిలోని ప్రతివారూ పూజకు ఒక చెంబు చొప్పున పోస్తారు. భక్తికి ఉద్ధరిణెడు నీరు చాలునని చెబితే పెద్దలు కోపగించుకోరనే నమ్ముతాను. కోట అడుగున ఒక రంధ్రం తొలిపించండి, దానిపై పెంకుముక్కలు పరచి మట్టి నింపండి.

మట్టికి ఏం కలపాలి? ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఎండిన చెరువు పూడికమట్టి ఒక పాలు, గుప్పెడు వేపపిండి. పూడికమట్టిలోని సన్నని బంకమట్టి గరపనేలకు నీటిని పట్టి ఉంచే శక్తినిస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది ఆచ్ఛాదన. వేరుశనగ పండే సీమ మనది. కాయపొట్టును మూడు అంగుళాల మందాన పాదులో పరచితే ఎండ మట్టిని నేరుగా తాకదు, తేమ ఆవిరి కాదు, పైన పెచ్చు కట్టదు. మొదలుకు ఆనకుండా మాత్రం కాస్త ఎడం ఉంచాలి. బోరునీరు ఉప్పుగా ఉన్నచోట పాదు అంచున తెల్లని పొర తేలుతుంది. కరివేపాకు కొత్త చిగురులో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారితే అది తరచుగా ఇనుము అందకపోవడమే. సున్నం, క్షారం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు. అలాంటి పాదుకు ఇంకా నీరు పోస్తే ప్రయోజనం లేదు. పశువుల ఎరువు పెంచాలి, వాననీరు పట్టించాలి.

శివలింగంపై ధారాపాత్రను చూడనివారు లేరు. ఆ బొట్టు లెక్కనే భూమి లోపల అమర్చడం కుండపద్ధతి. ఐదు లీటర్లు పట్టే, రంగు పూయని మట్టికుండను మూతి మాత్రం పైకి కనబడేలా పాతి, నీరు నింపి మూత పెట్టాలి. చుట్టూ మట్టి ఆరినకొద్దీ కుండ చెమర్చి నీటిని వదులుతుంది; మట్టి తడిగా ఉంటే వదలడం తగ్గిస్తుంది. కొలత మొక్కే చూసుకుంటుంది. మూత పెట్టమన్నది దుమ్ముకోసమే కాదు. డెంగీని వ్యాపింపజేసే దోమ ఇటువంటి నిలవనీటిలోనే గ్రుడ్లు పెడుతుంది, వారం పదిదినాలలో రెక్కలు తొడుగుతుంది. కుండీల క్రింద పళ్ళేలలో నిలిచిన నీరు కూడా అంతే. జ్వరానికి కషాయం పెట్టవలసిన తోట జ్వరానికి పుట్టినిల్లు కావడం ఎంత విపరీతం! వారానికొకనాడు పళ్ళేలన్నీ బోర్లించి ఎండబెట్టండి.

నూరు చదరపు మీటర్ల మిద్దెపై 550 మిల్లీమీటర్ల వాన పడితే అది 55,000 లీటర్లు. నూటికి ఇరవై వంతులు వృథా అయినా 44,000 లీటర్లు మిగులుతాయి. దీనిని వీధిలోకి వదలి ట్యాంకరుకు ఎదురుచూడడం నాకు అర్థం కాని విషయం. బియ్యం, కూరలు కడిగిన నీరు అన్ని మొక్కలకూ పనికివస్తుంది. సబ్బునీరు మాత్రం తినే ఆకులపై పడనీయకండి.

రోహిణి కార్తెలో గుంటలు త్రవ్వి ఎండనివ్వండి, ఎరువు నింపి కుండలు పాతి ఉంచండి. మృగశిరలో తొలివాన తడి జానెడు లోతు దిగిన తరువాత నాటండి.