మా చిట్టా సర్కారు చేతిలో... సర్కారు చిట్టా ఎవరి చేతిలో?

ఫోన్లు చాటుగా వినడం, ముఖాలు ఫొటోలు తీయడం, జనం వివరాలన్నీ కంప్యూటర్లలో కుప్పబోయడం ఇవన్నీ పట్నంలో చదువుకున్నవాళ్ల గొడవలనీ, కూలిరేట్ల కోసం, ఇళ్ల స్థలాల కోసం కొట్లాడే వ్యవసాయ కార్మికుల సంఘానికి వీటితో పనేమిటనీ కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతున్నారు. "మా దగ్గర దాచుకునేటందుకు ఏమున్నది, నాలుగు గిన్నెలు, ఒక గొంగడి తప్ప?" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. అయితే దాచుకోవడానికి ఏమీ లేనివాడి మీదనే ఈ నిఘా ముందుగా పడుతున్నది. అతని బియ్యం మీద, అతని కూలి మీద పడుతున్నది. ఆ సంగతి వివరించడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముఖమే కాగితమైంది

మొదట మొఘల్‌పురా సంగతి. చార్మినారుకు దగ్గరలోనే ఉన్న ఈ గల్లీలలో హమాలీలు, ఆటో నడిపేవాళ్లు, తోపుడుబండ్ల వాళ్లు, ఇంట్లో కూర్చుని చిన్నాచితకా పనులు చేసే ఆడవాళ్లు బతుకుతున్నారు. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పనులు చాలక పట్నం అడ్డాల మీదికి వచ్చిన మన కూలీలు కూడా పాతబస్తీ కిరాయి గదుల్లో తల దాచుకుంటున్నారు. ఊరి కూలీకీ, బస్తీ కూలీకీ మధ్య ఉన్నది ఒక బస్సు టిక్కెట్టు దూరమే.

పాతబస్తీకి పోలీసు తనిఖీ కొత్తది కాదు. తెల్లవారకముందే బస్తీని చుట్టుముట్టి ఇంటింటా కాగితాలు అడిగే 'కార్డన్ సెర్చి'ని జనం ఏళ్ల తరబడి చూస్తున్నారు. ఇప్పుడు కాగితం అడిగే పని కూడా లేకుండా పోయింది, ముఖమే కాగితమైంది. 2021 మే నెలలో, కరోనా లాక్‌డౌన్ రోజులలో, పాతబస్తీ వాసి, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు దారిలో ఆపారు. మూతికి కట్టుకున్న మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నారు. అయినా ఫొటో తీసుకుని పంపించారు. ఆయన మీద కేసు లేదు, అనుమానం ఫలానా అని చెప్పిందీ లేదు. నా ఫొటో ఏ చట్టం ప్రకారం తీశారు, ఎక్కడ దాచారు, ఎన్నాళ్లు దాస్తారు అని ఆయన హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖ గుర్తింపు యంత్రాల మీద మన దేశంలో పడిన మొదటి కేసుల్లో ఇదొకటి.

ఆయన అడిగిన ప్రశ్న చాలా చిన్నది: ఏ చట్టం? తెలంగాణ పోలీసులు తమ ఫోన్లలోని 'టీఎస్‌కాప్' యాప్‌లో ముఖ గుర్తింపును 2018లోనే చేర్చుకున్నారు. దారిన పోయేవాడి ముఖం పట్టుకోవడానికి శాసనసభ గానీ, పార్లమెంటు గానీ ప్రత్యేకంగా చేసిన చట్టం లేదు. యంత్రం ముందు వచ్చింది, చట్టం ఊసే లేదు.

తెల్లదొర రాసిన సెక్షను

చట్టం ఉన్నచోట అది ఎవరి కోసం ఉన్నది? వార్తలు ఆపి చదివే అధికారం 1885లో తెల్లదొరలు టెలిగ్రాఫు చట్టం 5వ సెక్షనులో రాసుకున్నారు. 'ప్రజా భద్రత', 'అత్యవసర పరిస్థితి' అన్న రెండు మాటలు చాలు. దొరలు పోయారు, సెక్షను మాత్రం పోలేదు. 1996లో పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. హోం కార్యదర్శి రాతమూలకంగా ఉత్తర్వు ఇవ్వాలి, ఒక సమీక్షా సంఘం దాన్ని పరిశీలించాలి అన్నది. ఆ సంఘంలో కూర్చునేదెవరు? మళ్లీ ప్రభుత్వ కార్యదర్శులే! 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు, 2024 డిసెంబరులో దాని కింద నిబంధనలు ఇచ్చారు. అయినా ఫోను వినేముందు జడ్జీ అనుమతి తీసుకోవాలన్న మాట వాటిలో లేదు. కంప్యూటర్లు, ఇంటర్నెట్టు సంగతికి 2000 నాటి ఐ.టి. చట్టంలో 69వ సెక్షను ఉన్నది. దాని కింద 2018 డిసెంబరులో కేంద్ర హోం శాఖ పది సంస్థలకు అధికారం రాసిచ్చింది.

ఇటువంటి అధికారం ఏ దారి పడుతుందో మన రాష్ట్రంలోనే బయటపడింది. మావోయిస్టుల ఆనుపానులు కనిపెట్టడానికని పెట్టిన ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగం ప్రతిపక్ష నాయకుల ఫోన్లు, పత్రికలవాళ్ల ఫోన్లు విన్నదనీ, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వచ్చిన వెంటనే హార్డు డిస్కులు ధ్వంసం చేశారనీ 2024 మార్చిలో పోలీసులే కేసు పెట్టారు, పోలీసు అధికారులనే అరెస్టు చేశారు. ఎవరు దోషులో తేల్చవలసింది కోర్టు. కానీ ఒక్క విషయం మాత్రం తేలింది. ప్రభుత్వం మారి ఉండకపోతే ఈ కేసే ఉండేది కాదు. కంచె చేను మేసిందో లేదో చూడడానికి కావలివాడు లేడు, మరో ఆసామి వచ్చి చూస్తే తప్ప. నాయకుల గతే ఇదైతే, ఠాణా ముందు నిలబడి మాట్లాడడానికే జంకే కూలివాడి గతేమిటి?

బియ్యం దగ్గర బయటపడ్డ నిజం

ఇప్పుడు కడుపు సంగతికి వద్దాం. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్కరోజే సమగ్ర కుటుంబ సర్వే చేశారు. దుబాయి నుంచి, బొంబాయి నుంచి కూడా మనవాళ్లు చార్జీలు పెట్టుకుని ఇంటికొచ్చి పేర్లు రాయించుకున్నారు. రాయించుకోకపోతే పథకాలు పోతాయని భయం. ఆ తర్వాత 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు ఏర్పాటు వచ్చింది. బండి రిజిస్ట్రేషను, కరెంటు బిల్లు, ఇంటి పన్ను, ఇలా శాఖశాఖలో ఉన్న వివరాలన్నీ ఒకచోట కలిపి ఎవరు పేద, ఎవరు కాదు అని అది చెబుతుంది. దాని మాట మీద రేషన్ కార్డులు కత్తిరించారు.

హైదరాబాదులోనే ఒక రిక్షా కార్మికుని ఇల్లాలి సంగతి 2024లో పత్రికలకెక్కింది. ఆమె భర్త పేరును పోలిన పేరున్న మరొకాయనకు కారు ఉన్నది. ఆ కారును కంప్యూటరు తెచ్చి రిక్షావాని నెత్తిన పెట్టింది. కార్డు పోయింది. రిక్షా తొక్కినవానికి కారెక్కడిదని మనిషైతే ఒక్క చూపులో అడిగేవాడు.

దాదాపు 19 లక్షల కార్డులు ఇట్లా రద్దయ్యాయి. ముందు నోటీసు లేదు, ఇంటికొచ్చి విచారించిందీ లేదు. డీలరు దగ్గర సంచీ పట్టుకుని నిలబడితే "కంప్యూటర్ల నీ పేరు వస్తలేదు" అన్న ఒక్క మాటే తీర్పు. ఈ అన్యాయం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది కూడా ఆ మసూద్ గారే. ముఖం ఫొటో గురించి అడిగిన మనిషే బియ్యం గురించీ అడగవలసి వచ్చిందంటే ఆ రెండూ ఒకే తాటి కొసలని వేరే చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమన్నది. మళ్లీ పెట్టుకున్న దరఖాస్తుల్లో 2 లక్షల 5 వేల పైచిలుకు చూసేసరికే 15,471 మంది అర్హులని సర్కారే ఒప్పుకోవలసి వచ్చింది.

మిగతావాళ్లు అనర్హులే కదా, వందలో ఏడెనిమిది తప్పులు పెద్ద లెక్కా అని అధికారులు అనవచ్చు. ఆ లెక్క మేమూ వేస్తాం. 2015 నుంచి మనిషికి నెలకు 6 కిలోల బియ్యం ఇచ్చారు. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు. 2016లో కార్డు పోయి 2022 దాకా రాకపోతే ఆ ఒక్క ఇంటికి 17 క్వింటాళ్ల పైన బియ్యం పోయినట్టు. మధ్యలో కరోనా వచ్చింది, పనులు బందయ్యాయి. ఆ 17 క్వింటాళ్లు ఎవరు తిరిగిచ్చారు? తప్పు చేసిన కంప్యూటరుకు జుల్మానా ఉందా?

ఊరిలో కూలికీ అదే గతి

ఊరిలోనూ ఇదే కథ నడిచింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తీసి పంపడం తప్పనిసరి చేశారు. పొద్దున పని తెమిలినా రెండో ఫొటో కోసం కూలీలు ఎండలో కూర్చోవలసిందే. సిగ్నలు లేకపోతే చేసిన పని చేయనట్టే. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులు ఆధార్ మీదుగానే అన్నారు. దొంగ మస్టర్లు ఆపడానికే ఇదంతా అన్నారు. ఆగాయా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఉత్తరం రాసింది: సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారు అని! దొంగ దర్జాగా ఉన్నాడు, కూలివాడు ఎండలో ఉన్నాడు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టమే చేసింది. అందులోనూ బయోమెట్రిక్ గుర్తింపు, యంత్ర నిఘా రాసిపెట్టారు.

దొంగ మస్టర్లు పట్టిన మార్గం మన దగ్గరే ఉన్నది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ నడిచింది. గ్రామసభలో మస్టరు చదివేవారు. "ఈ పేరుగలాయన పోయిన ఏడే చచ్చిపోయిండు, పనికెట్లొచ్చిండు?" అని ఒక అవ్వ లేచి అడిగేది. అధికారి తల వంచుకునేవాడు. అక్కడ చూసేది జనం, లెక్క చెప్పేది సర్కారు. ఇప్పుడు ఆ కన్నును తిప్పి మన మీద పెట్టారు.

అంతేకాదు, మన కన్ను మూస్తున్నారు కూడా. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమని చేశారు. పేరు వింటే మన కోసమే అనిపిస్తుంది. అందులో 17వ సెక్షను చూడండి: తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను కేంద్రం ఒక ప్రకటనతో ఆ చట్టం నుంచి మినహాయించవచ్చు. 44వ సెక్షను చూడండి: సమాచార హక్కు చట్టాన్నే సవరించింది. 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క మాటతో అధికారి మన దరఖాస్తు తిప్పి పంపవచ్చు. 2025 నవంబరులో అది అమలులోకి వచ్చింది. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చనే వేరే సెక్షను ఉన్నదిగదా అంటారు. ఉన్నది, కానీ ముందు తేల్చేది ఆ అధికారే. మస్టర్లో పేర్లు, డీలరు రిజిష్టరులో పేర్లు రేపు 'వ్యక్తిగత'మైతే దొంగ లెక్క పట్టేదెట్లా? పేదవాడి చాటు తీసేసి, ఆ బట్టే అధికారికి కప్పినట్టయింది.

దొంగలు, తీవ్రవాదుల మాట

నేరస్థులను పట్టవద్దా అని అడుగుతారు. పట్టాలి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు చచ్చింది మామూలు జనమే. కానీ ఆ తర్వాత జరిగింది కూడా మరువరాదు. పాతబస్తీ యువకులను అనుమానం మీద పట్టుకుపోయారు, వాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు నష్టపరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అనుమానించడానికి క్షణం చాలు, పోయిన ఏళ్లకు మాత్రం పరిహారం లేదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేసి కులాలకు కులాలనే దొంగల చిట్టాకెక్కించారు. మన ఎరుకలవాళ్లు ఆ చట్టం కింద ఠాణాలో హాజరు పలికారు. 1952 దాకా ఆ చిట్టా చెరగలేదు. అప్పుడు పుట్టుకను బట్టి అనుమానం, ఇప్పుడు బస్తీని బట్టి అనుమానం.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. దానిలో తలదూర్చాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, అవసరానికి మించకూడదు అన్నారు. ఆ తీర్పు పుస్తకంలో ఉంటే చాలదు, రేషను దుకాణం దగ్గరికీ, పని చెలక దగ్గరికీ రావాలి.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. నోటీసు ఇవ్వకుండా, మనిషి ఇంటికి వచ్చి విచారించకుండా ఏ కార్డూ, ఏ పింఛనూ, ఏ కూలీ పేరూ కొట్టేయరాదు. తప్పుగా కొట్టేసినవాళ్లకు పోయిన కాలానికి కూడా కట్టివ్వాలి. కేసు లేనివాని ముఖం పోలీసు దాచుకోరాదు. ఫోను వినాలంటే జడ్జీ ఉత్తర్వు ఉండాలి, ఏటా ఎన్ని ఫోన్లు విన్నారో శాసనసభకు చెప్పాలి. మస్టర్లు, రేషను రిజిష్టర్లు గ్రామసభలో, బస్తీలో బహిరంగంగా చదవాలి.

ఒకనాడు దొర చిట్టాలో మన తాతల వేలిముద్ర ఉండేది, అందులో ఏం రాశాడో వాళ్లకు తెలిసేది కాదు. ఆ చిట్టాలు చింపడానికి తెలంగాణ రైతాంగం పోరాడింది. ఈనాటి చిట్టా కంప్యూటర్లో ఉన్నది గనుక చింపలేం. కానీ తెరిపించగలం. నా గురించి ఏం రాశావో చదివి వినిపించు అని ప్రతి సభలో, ప్రతి ఆఫీసు ముందు అడుగుదాం. ఊళ్లో కూలీ, మొఘల్‌పురా హమాలీ కలిసి అడిగితే ఆ చిట్టా ఎన్నాళ్లో మూసి ఉండదు.