కరెంటుకూ వంతు ఉండాలి



చెరువు కింద సాగు చేసే ఊళ్ళలో రైతులందరూ ఒకేసారి మడవ తీయరు. నీరుగంటి చెప్పిన వంతు ప్రకారం నీళ్ళు పెట్టుకుంటారు. అందరూ ఒక్కసారే తీస్తే, చెరువు నిండుగా ఉన్నా చివరి పొలం ఎండిపోతుంది. విద్యుత్ వాహనాల విషయంలో మనం నేర్చుకోవలసిన పాఠం ఇదేనని నా అభిప్రాయం.

బ్యాటరీ స్కూటర్లు, కార్లు పెరుగుతున్నాయి. పొగ లేదు, చప్పుడు లేదు, సంతోషమే. "వీటన్నిటికీ దేశంలో కరెంటు చాలుతుందా?" అని చాలామంది అడుగుతారు. నా ప్రశ్న వేరు. మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ చాలుతుందా?

చిన్న లెక్క వేద్దాం. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 90 కిలోవాట్లు ఇస్తుందనుకోండి. దాని కింద 50 ఇళ్ళున్నాయి. సాయంత్రం 7 గంటలకు ఇంటికి ఒకటిన్నర కిలోవాటు వాడితే 75 కిలోవాట్లు. భయం లేదు. అప్పుడే 10 కార్లు ఇల్లు చేరి ప్లగ్గుకు తగిలించుకుంటే? ఒక్కొక్కటి 3.3 చొప్పున 33 కిలోవాట్లు. మొత్తం 108! ఒక్క కారు తీసుకునే కరెంటుతో 75 వాట్ల ఫ్యాన్లు 44 తిరుగుతాయి మరి.

తీగలో కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుందని జౌల్ నియమం చెబుతుంది గదా! ఆ వేడికి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మీది బంధక పొర క్రమంగా పాడై, చివరకు ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అప్పుడు కారు లేని 40 ఇళ్ళూ చీకట్లో కూర్చోవాలి. ఇది న్యాయమేనా?

"పెద్దది పెడితే సరి" అనవచ్చు. కొన్నిచోట్ల తప్పదు. కాని రెండు మూడు గంటల రద్దీ కోసం వీధివీధికీ మార్చితే, ఆ ఖర్చు బిల్లుల్లో అందరి మీదా పడుతుంది. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు సుమారు రెండు గంటల చార్జింగు చాలు. రాత్రి వాడకం తగ్గాక నాలుగేసి కార్లు వంతుగా పెట్టుకుంటే ఉన్న ట్రాన్స్‌ఫార్మరే సరిపోతుంది.

పగలైతే మరీ మేలు. కర్నూలు సమీపంలోని 1000 మెగావాట్ల సౌర పార్కు కూడా పొద్దుగూకితే ఏమీ ఇవ్వలేదు. అందుచేత పగలు వాహనాలు నిలిచే ఆఫీసులు, బజార్లు, స్టేషన్ల దగ్గర చార్జింగు స్థలాలు ముందుగా రావాలి. ఎండ వేళల్లో ధర తక్కువగా, రద్దీ వేళల్లో ఎక్కువగా ఉండాలని 2023లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ నియమాలను సవరించింది. మంచి పనే. అయితే వేళను గుర్తించే మీటరు ఉన్న ఇంటికే ఆ లాభం అందుతుంది.

మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కె.వి.ఏ.దో, దానికింద ఎన్ని ఇళ్ళున్నాయో లైన్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. దాని దగ్గరకు మాత్రం వెళ్ళకండి. ఇంట్లో ఈ లెక్క వేసి చూపండి. ప్లగ్గు పెట్టేముందు గడియారం చూడమని పెద్దలకు చెప్పండి. కరెంటుకు నీరుగంటి లేడు. ఆ పని మనమే చేయాలి.