నగరం మారే క్లబ్బు, నిలిచిపోయే అభిమాని

ఇండియన్ సూపర్ లీగ్ 2021-22 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొని దేశ రాజధానికి తరలింది. ఢిల్లీ అభిమానులకు ఈ బాధ తెలియనిది కాదు. 2014లో అవతరించిన ఢిల్లీ డైనమోస్ 2019లో భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అదే ఏడాది పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ జట్టు లీగ్‌లో ప్రవేశించింది. ఒక నగరం పొందినది మరో నగరం పోగొట్టుకున్నదే.

జర్మనీలో క్లబ్బు ఓటుహక్కుల్లో సగానికి పైగా సాధారణంగా సభ్యుల చేతిలోనే ఉండాలి. ఇక్కడ నిర్ణయం యాజమాన్యాలదీ, నిర్వాహకులదీ. తరలింపునకు ముందు అభిమానుల అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి కానంతవరకు, కొత్త జట్టుపై ఢిల్లీ వెంటనే మమకారం పెంచుకోవాలని ఆశించడం న్యాయం కాదు.