కొమ్ములో పోసిన మాట

జార్జియా విందులో చేతికి కాంత్సి అందిందంటే ఇక తప్పించుకునే దారి లేదు. కాంత్సి అంటే తాగడానికి వాడే కొమ్ము. మేకదో, ఎద్దుదో, కాకసస్ కొండల్లో తిరిగే తుర్ అనే అడవిమేకదో అయివుంటుంది. దానికి పీఠం ఉండదు కాబట్టి వైన్ ఉండగా బల్ల మీద పెడితే ఒలికిపోతుంది. ఖాళీ చేసేదాకా చేతిలోనే ఉండాలి. అయితే తాగడానికి ముందు ఒకరు మాట్లాడాలి. ఆ మాట ముగిసేదాకా ఎవరూ కొమ్ము నోటి దగ్గరకు తీసుకెళ్ళరు.

19వ శతాబ్దపు కాంత్సిల మీది వెండిపని చూసి తీరవలసిందే. కొమ్మును ఉడికించి, లోపలి ఎముకను లాగేసి, గీకి, నునుపు తేలేదాకా రుద్దుతారు. నోటి అంచుకు వెడల్పాటి వెండి పట్టీ, మొనకు వెండి తొడుగు, వేలాడదీయడానికి గొలుసు. పట్టీ మీద తీగలూ పువ్వులూ చెక్కి, ఆ గాట్లలో వెండి, రాగి, సీసం, గంధకం కలిపి చేసిన నల్లటి మిశ్రమాన్ని నింపి వేడిచేస్తారు. మెరుగు పెట్టాక తెల్లటి వెండి మీద నల్లటి గీతలు తేటగా కనిపిస్తాయి. కొన్నిటి మీద 84 అనే ముద్ర ఉంటుంది. రష్యన్ సామ్రాజ్యపు లెక్కలో 96 పాళ్ళకు 84 పాళ్ళు అసలు వెండి అని దాని అర్థం. పాత వస్తువులు కొనేవాళ్ళు ముందుగా వెతికేది ఆ ముద్రనే.

మాకు మాత్రం ఆ కొమ్ము పట్టుకుని మాట్లాడిన మనిషి ముఖ్యం. సుప్రా అనే ఆ విందును నడిపే పెద్దను తమదా అంటారు. దేవుడు, శాంతి, దేశం, పోయినవాళ్ళు, పిల్లలు, ఇలా ఒక్కొక్కరి పేరునా ఆయన మాట్లాడతాడు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వరస మారుతుంది. తన మాట అయ్యాక ‘అలవెర్ది’ అంటూ మరొకరికి అవకాశం ఇస్తాడు. అందుకున్నవాడు అదే విషయాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళాలి. చనిపోయిన తండ్రి గురించి కొడుకు నలుగురిలో నోరు విప్పి చెప్పుకోగలిగే చోటు అది. ఇది సాహిత్యం కాకపోతే మరేమిటి? ఆ పెద్దరికం చాలాకాలం మగవాళ్ళదే అయివుంది, వంటింట్లో ఉన్న ఆడవాళ్ళ మాట బల్ల దాకా రాలేదు. ఆ లోటును దాచి సుప్రాను పొగడలేం.

పశ్చిమ జార్జియాలోని వాని అనే ఊళ్ళో కొమ్ము పట్టుకుని కూర్చున్న చిన్న కంచు బొమ్మ దొరికింది. అది క్రీ.పూ. 7వ శతాబ్దానిది. దాని పెద్ద నకలు ఇప్పుడు త్బిలిసీ వీధిలో కూర్చుని ఉంది. చిత్రకారుడు నికో పిరోస్మాని (1862–1918) నల్లటి మైనగుడ్డ మీద గీసిన విందుల్లోనూ మనుషులు కొమ్ములు పట్టుకుని, మాట కోసం ఆగినట్టు మనవైపే చూస్తుంటారు.

నేలలో పాతిన క్వెవ్రి జాడీల్లో వైన్ చేసే పద్ధతిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వైన్ ముందు పుట్టే మాటకూ అంతటి శ్రద్ధ దక్కాలి. ఒక ఇంటి కాంత్సి మ్యూజియానికో వేలానికో చేరేటప్పుడు పొడవు, బరువు, ముద్ర రాసుకుంటే సరిపోదు. దాన్ని పట్టుకుని ఎవరు, ఎవరి గురించి, ఏం మాట్లాడేవారో ఆ ఇంటి పెద్దలను అడిగి రాసుకోవాలి. వంటింట్లోంచి విన్న అమ్మమ్మలను ముందు అడగాలి.