కన్న చెరువును పెంచవద్దా?

సంతానం అనగానే మనకు స్ఫురించేది కన్నబిడ్డలే. మన పూర్వులు మాత్రం సంతానాన్ని ఏడు విధాలుగా ఎంచారు. పుత్రుడు, నిధి, ఆలయం, వనం, కావ్యం, అగ్రహారం, తటాకం. ఇవి సప్తసంతానాలు. మనిషి గతించిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి ఇవేనని పెద్దల విశ్వాసం. వీటిలో ఆలయాన్ని మనం నేటికీ భక్తితో కాపాడుకుంటున్నాం. జీర్ణోద్ధరణలు, కుంభాభిషేకాలు వైభవంగా జరుపుతున్నాం. మరి తటాకం మాటేమిటి? సంతానాన్ని కనడంతో తల్లిదండ్రుల ధర్మం తీరిపోదు, పెంచి పోషించాలి. చెరువుకూ ఇదే ధర్మం వర్తిస్తుంది. దీనిని విస్మరిస్తే ఎంతటి మహానగరానికైనా ఏ గతి పడుతుందో తెలుసుకోవాలంటే కాంబోడియాలోని ఆంగ్కోర్ వైపు చూడాలి.

ఆంగ్కోర్ అన్న పేరు మన 'నగర' శబ్దం నుంచి పుట్టినదే. 12వ శతాబ్దపు పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ అక్కడ శ్రీమహావిష్ణువుకు నిర్మించిన ఆలయమే జగత్ప్రసిద్ధమైన ఆంగ్కోర్ వాట్. 13వ శతాబ్దంలో ఆ మహానగర ప్రాంతంలో ఏడు నుంచి తొమ్మిది లక్షల మంది నివసించి ఉంటారని 2021లో పరిశోధకులు అంచనా వేశారు.

ఇంతమందికి అన్నం పెట్టినది నీరే. అక్కడ సుమారు ఆరు నెలలు వానలు, ఆరు నెలలు ఎండలు. అందుకే రాజులు ఆలయాలతోపాటు తటాకాలనూ నిర్మించారు. 9వ శతాబ్దం చివర యశోవర్మ కట్టించిన యశోధర తటాకం పొడవు ఏడు కిలోమీటర్లకు పైమాటే. 11వ శతాబ్దంలో వెలసిన పడమటి తటాకం పొడవు దాదాపు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు రెండు కిలోమీటర్లు. నగరానికి ఎగువన కులెన్ కొండల్లో ఏటి అడుగునున్న రాతి మీద వందలాది శివలింగాలను, శేషశాయి రూపాన్ని చెక్కించారు. ఆ మూర్తులను అభిషేకించి వచ్చిన నీరే దిగువకు చేరాలన్నది వారి భావన. జలాన్ని అంతగా పూజించిన జాతి అది.

అయినా ఆ నగరం నిలవలేదు. వియత్నాం అడవుల్లోని వందల ఏళ్ల నాటి వృక్షాల కాండంలో ఉండే వలయాలను బట్టి ఆనాటి వర్షపాతాన్ని లెక్కగట్టిన శాస్త్రవేత్తలు 2010లో కారణాన్ని కొంత వెల్లడించారు. 14వ శతాబ్దం నడుమ దశాబ్దాల తరబడి అనావృష్టి. నడుమ నడుమ అసాధారణమైన అతివృష్టి. మళ్లీ 15వ శతాబ్దం ఆరంభంలో అనావృష్టి. అప్పటికి చెరువులు, కాలువలు, కట్టలు అన్నీ ఒకదానితో ఒకటి ముడివడిన మహావ్యవస్థగా పెరిగిపోయాయి. ఒకచోట గండి పడితే ఆ దెబ్బ మరొక చోట తగిలేది. వరదలు తెచ్చిన ఇసుక కాలువలను పూడ్చింది. ఏరు తన గర్భాన్ని తానే కోసుకుని లోతుకు దిగిపోగా, కాలువల తూములు నీటికి అందకుండా ఎత్తున మిగిలాయి.

కరవు ఒక్కటే ఆంగ్కోర్‌ను కూల్చిందని చెప్పడం తొందరపాటు. సముద్ర వాణిజ్యం రాజధానిని దక్షిణానికి ఆకర్షించింది. 1431లో అయుత్థయ సేనలు నగరాన్ని ముట్టడించాయి. కానీ నగర కందకాల అడుగు మట్టిని పరీక్షించినవారు చెప్పేదేమిటి? 14వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచే నగరం నడిబొడ్డున జనసంచారం సన్నగిల్లుతూ వచ్చిందని. శత్రువు వచ్చి తలుపు తట్టేనాటికే ఇల్లు ఖాళీ అవుతూ ఉన్నదన్నమాట. బలహీనపడిన దేహాన్ని ఏ రోగమైనా లొంగదీసుకుంటుంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1369లో, విజయనగర రాకుమారుడు భాస్కరుడు నేటి కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక చెరువు త్రవ్వించి శాసనం వేయించాడు. వేయి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు శ్రమించారని అందులో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొంది. నీరు స్వల్పమై సాగుభూమి విస్తారమవడం ఒక దోషం. నీరు అధికమై చోటు చాలకపోవడం మరొక దోషం. ఆంగ్కోర్‌ను వరుసగా పీడించినవి ఈ రెండు దోషాలే కావా?

మన సంగతి చూడండి. చెన్నై 2015లో వరదలో మునిగింది. 2019లో అదే నగరం త్రాగునీటికి అలమటించింది. 2020 అక్టోబరులో హైదరాబాదులో చెరువులు పొంగి కాలనీలను ముంచెత్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. నీరు నడిచే దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం. నీరు తన దారిని మరువలేదు. ఇది దైవలీల అని చేతులు జోడించి ఊరుకోవడం భక్తి అనిపించుకోదు. వాన కురిపించడం వరుణదేవుని పని. వాగు దారిని కబ్జా చేయకుండా ఉండడం మన పని.

కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నేటికీ పంటలకు నీరిస్తున్నాయంటే త్రవ్వించినవారి పుణ్యం ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి కట్టను, తూమును, అలుగును కనిపెట్టుకుని ఉన్న పేరు తెలియని రైతుల, నీరటికాండ్ర పుణ్యం కూడా అందులో ఉంది.

అందుకే భక్తులైన మీకు ఒక విన్నపం. ఈసారి మీ ఊరి గుడికి విరాళం ఇచ్చేటప్పుడు, కోనేటికి నీరు ఏ దారిన వచ్చేదో పెద్దలను అడగండి. ఆ దారి మూసుకుపోయి ఉంటే, స్వామికి కొత్త కిరీటం చేయించడానికి ముందు ఆ కాలువను తెరిపించండి. చెరువులో పూడిక తీసే రోజున కుటుంబమంతా కలిసి ఒక తట్ట మట్టి మోయండి. నిమజ్జనానికి మట్టి విగ్రహాన్నే ఎంచుకోండి.

టాంకర్లతో నింపిన కోనేటిలో తెప్పోత్సవం ఎన్నాళ్లు జరపగలం? చెరువే లేని ఊరిలో బతుకమ్మను ఎక్కడ సాగనంపగలం? ఆంగ్కోర్‌లో విష్ణ్వాలయం నేటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. దాని చుట్టూ దీపాలు వెలిగించిన లక్షల ఇళ్ల జాడ మాత్రం అడవి మట్టిలో కలిసిపోయింది. గుడి ఒక్కటే మిగిలితే చాలదు. గంట మ్రోగినప్పుడు వినడానికి ఊరు కూడా ఉండాలి.