తాడు పట్టుకునేది బావమరిదే

ఏటా మిరప కోతలు మొదలయ్యేసరికి మా గూడెం సగం ఖాళీ అవుతుంది. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నుంచి మనవాళ్ళు గుంటూరు చేలకు దిగుతారు. మా పిన్ని కొడుకూ పోతాడు. తడి మట్టిలో అడుగుజాడ చూసి పోయింది ఆడపులో మగపులో, ఎప్పుడు పోయిందో చెప్పగలిగినవాడు. ఇప్పుడు ఆ కళ్ళు పండుకాయలోంచి తాలుకాయ ఏరుతున్నాయి.

అవే నెలల్లో కొండ మీదికి కార్లు ఎక్కుతుంటాయి. శ్రీశైలం దారిలో తుమ్మలబైలు దగ్గర జీపెక్కి అడవి చూద్దామని పట్నం జనం వస్తారు. వాళ్ళకు అడవిని చెప్పే మనిషి కావాలి. చెప్పగలిగిన మనిషి మిరప చేలో ఉన్నాడు. ఈ ఇద్దరినీ కలపాల్సింది గైడు శిక్షణ. అది ఆ పని చేస్తోందా?

అలాంటి శిక్షణలో ఒకసారి నేనూ కూర్చున్నాను. నవ్వడం నేర్పారు. వంగి దండం పెట్టడం నేర్పారు. రెండు పేజీల కాగితం ఇచ్చి బట్టీ పట్టమన్నారు. అందులో ఒక వాక్యం: 'చెంచులు అమాయకులు. వారు తేనె, దుంపలు తిని జీవిస్తారు.' దాన్ని చెంచు పిల్లవాడే సందర్శకుల ముందు నిలబడి అప్పజెప్పాలి. తన వాళ్ళను తానే 'వారు' అనాలి! ఎవరో మన మీద రాసిన మాటను మన నోట పలికించడం శిక్షణ ఎట్లా అవుతుంది?

శిక్షణే వద్దని నేననను. తెలియడం వేరు, తెలియనివాడికి చెప్పడం వేరు. మా మామకు నల్లమలలో తెలియని చెట్టు లేదు. కొత్తవాడు అడిగితే మాత్రం 'అది సారచెట్టు' అని ఊరుకుంటాడు. అమెరికా జాతీయ పార్కుల కోసం ఫ్రీమన్ టిల్డెన్ 1957లోనే ఒక పుస్తకం రాశాడు. వివరాలు వల్లించినంత మాత్రాన వివరించినట్టు కాదనీ, వినేవాడిలో ఆలోచన రేపడమే అసలు పని అనీ అతని వాదన. ఆ విద్య మన పిల్లలకు కావాలి. ఎట్లా చెప్పాలో నేర్పండి. ఏం చెప్పాలో మాకు తెలుసు.

తేనె సంగతే తీసుకోండి. 'చెంచులు తేనె సేకరిస్తారు' అంటే సందర్శకుడు తలూపి ఫోను చూసుకుంటాడు. కొండచరియకు తాడు వేసి దిగేటప్పుడు పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అని చెప్పండి. ఎందుకని అతనే అడుగుతాడు. తన అక్కచెల్లెలి తాళి ఆ తాడుకే వేలాడుతుంటే ఎవరైనా వదులుతారా? పట్టంతా కోయకుండా కొంత ఈగలకు వదిలేస్తామని అప్పుడు చెప్పండి. అడవిని కాపాడడం ఎవరికి ఎవరు నేర్పాలో అతనికే తెలిసొస్తుంది.

నాగార్జునకొండ సంగతీ ఇంతే. లాంచీ దిగినవాళ్ళకు ఇక్ష్వాకుల పేర్లు చెబుతారు. 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో ఆ లోయలో రాతి పనిముట్లు కూడా బయటపడ్డాయి. రాజుల కంటే వేల ఏళ్ళ ముందు అక్కడ వేటాడి, దుంప తవ్వుకుని బతికిన మనుషులున్నారు. వాళ్ళ గురించి చెప్పడానికి మాచర్ల వైపు తండాల, గూడేల పిల్లలు పనికిరారా? డ్యాము కింద మునిగిన ఊళ్ళ సంగతి వారసత్వం కాదా?

ఆస్ట్రేలియాలో ఉలూరు కొండను 1985లో అక్కడి అనంగు జనానికి తిరిగి ఇచ్చారు. అది తమకు పవిత్రమనీ, ఎక్కవద్దనీ వాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పారు. 2019లో ఎక్కడం పూర్తిగా ఆపించారు. చూపించే హక్కు ఉన్నవాడికి చూపించకుండా ఉండే హక్కూ ఉండాలి. మన పూజలు, మన గుడిసెల లోపలి బతుకు, మన ఆడవాళ్ళ ఫొటోలు టికెట్టులో భాగం కావు.

కాబట్టి అడగాల్సినవి గట్టిగా అడుగుదాం. శిక్షణ తరగతిలో మన పెద్దలు గురువులుగా కూర్చోవాలి, వాళ్ళకు గురువుల జీతమే ఇవ్వాలి. చెప్పే కథలో పులితో పాటు 2006 అటవీ హక్కుల చట్టమూ ఉండాలి. వానాకాలం మూడు నెలలు సఫారీ మూసినా గైడు ఇంట్లో పొయ్యి వెలగాలి. ఏడాది పొడవునా జీతం లేని ఉద్యోగం మళ్ళీ మిరప చేలకే తోలుతుంది.

ఆశ్రమ పాఠశాలల్లోని అయ్యవార్లకు, అమ్మగార్లకు ఒక మాట. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక నోటుపుస్తకం ఇవ్వండి. పది చెట్ల పేర్లు, వాటి మీద తాత చెప్పిన పది మాటలు, ఇంటి మాటలోనే రాసుకు రమ్మనండి. తిరిగొచ్చాక తరగతి ముందు నిలబెట్టి చెప్పించండి. కాగితం చూడకుండా, 'వారు' అనకుండా, 'మేము' అని చెప్పించండి.